వెళ్ళిపోయే హక్కు

2010 జూలై 8, గురువారం. రాత్రి తొమ్మిదిన్నర కావస్తున్నది. అప్పట్లో మేము అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగర శివార్లలో ఉండేవాళ్ళం. నాకు పుట్టుకతో అబ్బిన ఆట క్రికెట్టే అయినా, ఆఫీసులో నలుగురితో పాటు నారాయణా అన్నట్లు బాస్కెట్‌బాల్ చూడటం మొదలుపెట్టి, క్రమంగా ఆ పిచ్చిలో పీకల్లోతు మునిగాను. ఆ రాత్రి టీవీలో లెబ్రాన్ జేమ్స్ ఒక కుర్చీలో కూర్చొని, ఏడేళ్ళు ఆడిన క్లీవ్‌లాండ్ కావలియర్స్ జట్టును వదలి మయామీ హీట్‌కు వెళుతున్నట్లు ప్రకటించాడు. ఆ ఒక్క మాట కోసం గంట కార్యక్రమం పెట్టారు. కాసేపటికే వార్తల్లో మా ఊరి వీధులు కనిపించాయి. 23వ నంబరు చొక్కాలు మంటల్లో కాలుతున్నాయి.

"ద్రోహి" అన్నాను పైకే.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసి, "ఏమండీ, ఆరేళ్ళలో మీరు మూడు కంపెనీలు మారారు. మీ చొక్కాలెవరూ తగలబెట్టలేదు కదా!" అని తన పనిలో పడిపోయింది.

నవ్వేశానే కానీ ఆ మాట ములుకులా దిగింది. గడువు తీరిన ఒప్పందాన్ని కాదని మరొకచోట పనికి కుదరడం ఒక మనిషికి న్యాయమూ, మరొకరికి ద్రోహమూ ఎలా అవుతుంది? అసలు ఆటగాడికి అలా వెళ్ళిపోయే హక్కు ఎప్పుడు, ఎవరి వల్ల వచ్చింది? ఈ ప్రశ్నలతో నేను చదువుకున్న చరిత్రను మిత్రులతో పంచుకోవాలనే ఈ టపా. ఆట తెలియని వారు కూడా దయచేసి చదవండి. ఇది బంతి కథ కాదు, పనివాడి కథ.

అమెరికన్ వృత్తి క్రీడల్లో ఒక విచిత్రమైన ఆచారం ఉన్నది. కాలేజీలోంచి వచ్చే కుర్రవాడు తనకు నచ్చిన జట్టులో చేరలేడు. జట్లే వరుసగా కుర్రవాళ్ళను ఎంచుకుంటాయి. దానిని డ్రాఫ్టు అంటారు. ముందటి ఏడు బాగా ఓడిన జట్టుకు ముందు ఎంపిక దక్కుతుంది. బలహీనులను బలపరచడమే ఉద్దేశం. ఇంతవరకు సబబుగానే తోస్తుంది. కానీ 1970ల నడిమి వరకు బాస్కెట్‌బాల్ లీగులో దీనికి తోడు మరొక నిబంధన ఉండేది. ఒప్పందం ముగిసినా ఆటగాడిపై హక్కు జట్టుదే. యజమాని ఇచ్చింది పుచ్చుకొని ఆడాలి, లేదా ఆట మానుకొని ఇంట్లో కూర్చోవాలి. యజమానికి మాత్రం ఆ ఆటగాణ్ణి మరొక జట్టుకు మారకం వేసే స్వేచ్ఛ ఉండేది. 1967లో రిక్ బారీ అనే మేటి ఆటగాడు కొత్తగా పుట్టిన పోటీ లీగు ఏబీఏలోకి వెళ్ళబోతే, కోర్టు తీర్పు మూలంగా ఒక ఏడాదంతా ఆడకుండా ఉండవలసి వచ్చింది.

ఈ కట్టును తెంచినవాడు ఆస్కార్ రాబర్ట్‌సన్. 1938లో టెనసీ రాష్ట్రంలో పుట్టి, ఇండియానాపొలిస్ నగరంలో పేదల వాడలో పెరిగాడు. చదివింది క్రిస్పస్ అటక్స్ హైస్కూలు. నల్లజాతి పిల్లలను తెల్లపిల్లల నుంచి వేరుచేయడానికి 1927లో తెరచిన బడి అది. 1955లో ఆ బడి జట్టు రాష్ట్ర విజేతగా నిలిచింది. నల్లవారి బడి ఒకటి ఆ పోటీలో గెలవడం అదే మొదలు. గెలిచిన జట్లు నగరం నడిబొడ్డున సంబరం చేసుకోవడం అక్కడి ఆనవాయితీ. వీళ్ళను మాత్రం ఆ కూడలి చుట్టూ ఒక్కసారి తిప్పి, నల్లవారి వాడలోని పార్కుకు పంపించివేశారు. నగరానికి గెలుపు తెచ్చిపెట్టినంత మాత్రాన నగరం మనదైపోదని పదహారేళ్ళ ఆ కుర్రవాడు ఆ రాత్రే తెలుసుకొని ఉంటాడని నాకనిపిస్తుంది.

తరువాత అతడు ఒహాయోలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ రోజుల్లో స్థానిక కాలేజీ ఆటగాణ్ణి ఆ ఊరి జట్టే ముందుగా తీసుకునేందుకు ప్రాంతీయ ఎంపిక అనే వీలుండేది. ఆ విధంగా 1960లో సిన్సినాటి రాయల్స్ జట్టుకు దక్కాడు. 1961-62లో ఆటకు సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు సాధించాడు. మూడింటిలోనూ సగటు పది దాటడం మరొకరి వల్ల కావడానికి 55 ఏళ్ళు పట్టింది.

కానీ నేను చెప్పదలచుకున్నది ఆ అంకెల గురించి కాదు. 1964 జనవరిలో బోస్టన్‌లో జరిగిన ఆల్‌స్టార్ ఆటకు ముందు, పింఛను విషయంలో హామీ ఇస్తే తప్ప గదిలోంచి బయటికి రామని ఆటగాళ్ళు భీష్మించారు. టీవీ వారు అవతల వేచి ఉన్నారు. చివరికి లీగు పెద్ద మాట ఇచ్చాకే ఆట సాగింది. ఆ రోజు ఉత్తమ ఆటగాడిగా నిలిచినవాడు ఆస్కారే. ఆ మరుసటి ఏడు, 1965లో, ఆటగాళ్ళ సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

1970లో ఎన్‌బీఏ, ఏబీఏ లీగులు రెండూ కలిసిపోవడానికి సిద్ధపడ్డాయి. రెండు లీగులుంటే ఆటగాడికి కనీసం రెండు గుమ్మాలుంటాయి. ఒకటైపోతే ఉన్న ఆ ఒక్క కిటికీ కూడా మూసుకుపోతుంది. ఆ ఏప్రిల్‌లో ఆస్కార్ తన పేరుతో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. అతనితో పాటు నాటి పద్నాలుగు జట్ల ఆటగాళ్ళ ప్రతినిధులు నిలబడ్డారు. విలీనం ఆగాలి, ఆటగాణ్ణి కట్టిపడేసే నిబంధనలు పోవాలి అన్నది వాదన. అదే వసంతంలో సిన్సినాటి జట్టు అతణ్ణి మిల్వాకీకి మారకం వేసింది. పదేళ్ళ సేవకు బదులుగా పుచ్చుకున్నది ఇద్దరు ఆటగాళ్ళను. మిల్వాకీ మరుసటి ఏడు, 1971లో, విజేత అయింది.

కేసు ఆరేళ్ళు సాగింది. చివరికి దానిని నడిపిన న్యాయమూర్తి రాబర్ట్ కార్టర్. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తేల్చిన బ్రౌన్ కేసులో వాదించిన న్యాయవాదుల్లో ఆయనొకరు. వేర్పాటు బడిలో చదివిన ఆటగాడు, ఆ వేర్పాటును కూల్చిన న్యాయవాది ఎదుట న్యాయం కోసం నిలవడం చరిత్ర చేసే చిత్రాల్లో ఒకటి. 1976లో రాజీ కుదిరింది. ఏబీఏ నుంచి నాలుగు జట్లు ఎన్‌బీఏలోకి వచ్చాయి. ఒప్పందం తీరిన ఆటగాణ్ణి పట్టి ఉంచే నిబంధన రద్దయింది. అయితే స్వేచ్ఛ ఒక్కసారిగా రాలేదు. కొన్నేళ్ళు కొత్త జట్టు పాత జట్టుకు నష్టపరిహారం ఇవ్వాలి. మరికొన్నేళ్ళు, బయటివారు ఇస్తామన్న జీతాన్ని తానే ఇచ్చి నిలుపుకునే హక్కు పాత జట్టుకుంది. ఎట్టకేలకు 1988లో టామ్ ఛాంబర్స్ అనే ఆటగాడు సియాటిల్‌ను వదలి, ఏ అడ్డూ లేకుండా ఫీనిక్స్‌లో చేరాడు. ఆస్కార్ 1974లోనే ఆట విరమించాడు. తాను పోరాడి తెచ్చిన హక్కును తాను ఒక్కనాడూ అనుభవించలేదు.

ఇక్కడ నాకు మా తాతగారి ఇల్లు గుర్తుకొస్తుంది. మా ఊళ్ళో పాలేళ్ళు ఉగాది నుంచి ఉగాదికి ఏడాది జీతానికి కుదిరేవారు. పేరుకు ఏడాదే. నడుమ పెళ్ళికో, రోగానికో తీసుకున్న బాకీ తీరేది కాదు గనుక ఉగాదులు వచ్చి పోతుండేవి, మనిషి మాత్రం కదిలేవాడు కాదు. ఒక ఏడు మా పాలేరు ఎలాగో బాకీ తీర్చుకొని, "అయ్యా, ఈ యేడు పక్కూరు పోతన్నాను" అని వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. తాతగారు చెడ్డవారు కారు. అయినా ఆ రోజంతా "ఇన్నేళ్ళు మన ఉప్పు తిని..." అని గొణుగుతూనే ఉన్నారు. ఎవరి చెమటతో ఆ ఉప్పు ఇంటికి వచ్చిందో ఆయనకు తోచలేదు. చిన్నవాణ్ణి, నాకూ తోచలేదు.

మా తరం సాఫ్టువేరు వాళ్ళకైనా ఇది పరాయి కథ కాదు. హెచ్‌1బీ వీసా మీద వచ్చిన వాడి ఉనికి యజమాని కాగితంతో ముడిపడి ఉంటుంది. 2000 అక్టోబరులో వచ్చిన చట్టం పుణ్యమా అని, కొత్త యజమాని దరఖాస్తు పెట్టగానే అక్కడ పనిలో చేరే వీలు కలిగింది. నేను మొదటి కంపెనీ వదిలినప్పుడు ఆ యజమాని, "నిన్ను ఈ దేశానికి తెచ్చింది నేను" అన్నాడు. ఆ మాట నన్ను ఎంత బాధించిందో నాకు గుర్తున్నది. 2010 జూలైలో టీవీ ముందు కూర్చొని, అచ్చం ఆ మాటే నేను మరొకరిని అన్నాను.

కోట్లు గడించే ఆటగాణ్ణి పాలేరుతో పోల్చడం సరికాదని ఎవరైనా అనవచ్చు. నిజమే, ఆకలి విషయంలో పోలిక లేదు. కానీ అడుగుతున్న ప్రశ్న ఒకటే. పని ముగిసిన మరునాడు మనిషి ఎవరివాడు?

ఇక క్లీవ్‌లాండ్ బాధ ఉత్తది కాదని కూడా చెప్పాలి. 1950లో తొమ్మిది లక్షలకు పైబడిన ఆ నగర జనాభా 2010 నాటికి నాలుగు లక్షలకు లోపలికి పడిపోయింది. ఉక్కు కర్మాగారాల వెలుగు తగ్గింది. 1969లో అక్కడి కాయహోగా నది మీది తెట్టుకు నిప్పంటుకోవడం దేశమంతా ఎగతాళి చేసుకున్న విషయం. 1964 తరువాత ఏ ఆటలోనూ పెద్ద విజయం లేదు. అరవై కిలోమీటర్ల దూరంలోని ఏక్రన్ పట్టణంలో, పదహారేళ్ళ తల్లికి పుట్టి, ఇల్లు తరువాత ఇల్లు మారుతూ పెరిగిన లెబ్రాన్ 2003లో డ్రాఫ్టు లాటరీ పుణ్యాన ఆ ఊరికే దక్కాడు. అంతకు ముందటి ఏడు 17 ఆటలే గెలిచిన జట్టును 2007లో ఫైనల్స్‌కు చేర్చాడు. 2008-09లో 66, మరుసటి ఏడు 61 ఆటలు గెలిపించాడు. అందరూ వెళ్ళిపోతున్న ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క మనవాడు అతడు. నగరం నడుమ పెద్ద భవనం గోడ నిండా అతని బొమ్మే ఉండేది. వెళ్ళిపోయిన రెండో రోజే దాన్ని దించేశారు.

వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళిన తీరు మాత్రం మొరటు. ఆ కార్యక్రమం వల్ల పిల్లల సంఘాలకు పాతిక లక్షల డాలర్ల దాకా విరాళం అందిన మాట నిజమే. అయినా ఇల్లు విడిచే కొడుకు ఆ మాట ముందు ఇంట్లో చెప్పాలి గానీ, ఊరంతటికీ దండోరా వేయించకూడదు. ఆ రాత్రే జట్టు యజమాని డాన్ గిల్బర్ట్ బహిరంగ లేఖ రాసి అతణ్ణి పిరికివాడని, ద్రోహి అని తిట్టిపోశాడు. అతని కంటే ముందే మనం విజేతలమవుతామని ప్రతిజ్ఞ కూడా చేశాడు. పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ ఆ లేఖను తప్పుపట్టి, ఇది పారిపోయిన బానిస మీద యజమాని చూపే కోపంలా ఉన్నదన్నాడు. లీగు గిల్బర్ట్‌కు లక్ష డాలర్ల జరిమానా విధించింది.

యజమానులు వెళ్ళిపోవడం కూడా ఒహాయోకు కొత్త కాదు. ఆస్కార్ ఆడిన రాయల్స్ జట్టును 1972లో సిన్సినాటి నుంచి కాన్సస్ సిటీకి తరలించారు. క్లీవ్‌లాండ్ ప్రాణంగా చూసుకున్న ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్‌ను బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్లు దాని యజమాని 1995లో ప్రకటించాడు. అప్పుడూ జనం మండిపడ్డారు. తేడా ఒక్కటే. యజమాని వెళితే దానిని వ్యాపారం అన్నారు, ఆటగాడు వెళితే కృతఘ్నత అన్నారు.

సరే, అతడు వెళ్ళాడు. మిగిలిన జట్టు ఏం చేయాలి? జీతం మిగిలింది కదా, మరో గొప్పవాణ్ణి కొనుక్కోవచ్చు కదా అని నేనూ అనుకున్నాను. అది కుదరదు. లీగులో 1984 నుంచి జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉన్నది. మొదట అది 36 లక్షల డాలర్లు, 2010-11 నాటికి దాదాపు 5.8 కోట్లు. జట్టు తన ఆటగాణ్ణి నిలుపుకోవడానికి ఆ గీత దాటవచ్చు, బయటివాణ్ణి తెచ్చుకోవడానికి సాధారణంగా దాటకూడదు. లెబ్రాన్‌కు తోడుగా తెచ్చిన ఆంటాన్ జేమిసన్, మో విలియమ్స్ వంటి వారి పెద్ద జీతాలు అలాగే ఉన్నాయి. రాజు పోయాడు, రాజు కోసం చేసిన అప్పులు మిగిలాయి.

ఉన్న దారులు మూడు. ఉన్నవాళ్ళతో నెట్టుకొస్తూ నడిమి వరుసలో నిలవడం మొదటిది. అందులో పరువు దక్కుతుంది కానీ డ్రాఫ్టులో మంచి ఎంపిక రాదు. పాతవాళ్ళనందరినీ వదిలించుకొని, ఓడి, కుర్రవాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టడం రెండవది. ఇతర జట్లు మోయలేని జీతాల బరువును తాము నెత్తిన పెట్టుకొని, దానికి బదులుగా వారి భావి ఎంపికలను పుచ్చుకోవడం మూడవది. మొదటి దారిలో పోదామన్నా ఆట సాగనివ్వలేదు. 2011 జనవరి 11న లాస్ ఏంజిలిస్ లేకర్స్ చేతిలో 112-57తో ఓడారు. వరుసగా 26 ఆటలు ఓడారు. 61 గెలిచిన జట్టు మరుసటి ఏడు 19 గెలిచింది.

ఆ 26 ఓటముల పరంపర ఫిబ్రవరి 11న క్లిప్పర్స్ జట్టు మీద తెగింది. రెండు వారాలు తిరగకముందే అదే క్లిప్పర్స్‌తో ఒక బేరం కుదిరింది. మో విలియమ్స్‌ను, మరొకరిని ఇచ్చి, బారన్ డేవిస్ అనే వయసు మళ్ళుతున్న ఆటగాణ్ణి అతని భారీ జీతంతో సహా తీసుకున్నారు. ప్రతిఫలం, ఆ జట్టు మొదటి రౌండు ఎంపిక. లాటరీలో ఆ ఎంపికకు మొదటి స్థానం వచ్చే అవకాశం 2.8 శాతమే. వచ్చింది. దానితో కైరీ అర్వింగ్‌ను తీసుకున్నారు.

ఇందులో ఒక చారిత్రక వ్యంగ్యం ఉన్నది. 1980ల తొలినాళ్ళలో ఇదే కావలియర్స్ యజమాని టెడ్ స్టెపియన్ తన జట్టు భావి ఎంపికలను ఎడాపెడా ధారపోశాడు. వరుసగా రెండేళ్ళ మొదటి రౌండు ఎంపికలు ఇచ్చేయకూడదని లీగు నియమమే చేయవలసి వచ్చింది. నేటికీ దానిని అతని పేరుతోనే పిలుస్తారు. రేపటిని అమ్ముకొని చెడిన జట్టు, ఇతరుల రేపటిని కొనుక్కొని నిలదొక్కుకోజూసింది.

అయినా అదృష్టం వేరు, నిర్మాణం వేరు. 2013లో మళ్ళీ మొదటి ఎంపిక దక్కితే ఆంథొనీ బెనెట్‌ను తీసుకున్నారు, అతడు నిలవలేకపోయాడు. 2014లో 1.7 శాతం అవకాశంతో మరొకసారి మొదటి ఎంపిక వచ్చింది, ఆండ్రూ విగిన్స్‌ను తీసుకున్నారు. నాలుగేళ్ళలో మూడుసార్లు లాటరీ తగిలినా ఆ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. ఈ లోపల మయామీలో లెబ్రాన్ 2012, 2013లలో విజేత అయ్యాడు. గిల్బర్ట్ ప్రతిజ్ఞ గాలిలో కలిసిపోయింది.

2014 జూలై 11న అతడు తిరిగి వస్తున్నట్లు ఒక పత్రికలో వ్యాసరూపంలో తెలిపాడు. ఈసారి టీవీ లేదు, హంగు లేదు. విగిన్స్‌ను, బెనెట్‌ను ఇచ్చి కెవిన్ లవ్‌ను తెచ్చారు. 2016 జూన్ 19న, 3-1తో వెనుకబడిన ఫైనల్స్‌లో ఏడవ ఆట 93-89తో గెలిచారు. 52 ఏళ్ళ కరువు తీరింది. చివరి నిమిషంలో ఆటను తిప్పిన బుట్ట వేసినది కైరీ అర్వింగ్. ఆ దౌర్భాగ్యపు శీతకాలంలో, 26 ఓటముల తరువాత, పాత జీతం బరువు మోసినందుకు దక్కిన అర్వింగ్!

అప్పటికి మేము ఆ ఊరు వదలి చాలాకాలమైంది. అయినా ఆ రాత్రి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఒక్క మాట మాత్రం స్పష్టంగా తెలిసింది. వెళ్ళిపోయే హక్కు లేనివాడు తిరిగి రావడంలో విలువ లేదు. 1976కు ముందైతే లెబ్రాన్ వెళ్ళేవాడే కాదు. కాబట్టి తిరిగి వచ్చేవాడూ కాదు, కేవలం ఉండిపోయేవాడు. బంధం ఏదో, బందిఖానా ఏదో తలుపు తెరిచి ఉంచితేనే తేలుతుంది.

2018లో అతడు మళ్ళీ వెళ్ళాడు, ఈసారి లేకర్స్‌కు. కొత్త జట్టుతో ఆ నవంబరులో క్లీవ్‌లాండ్ వచ్చినప్పుడు జనం నిలబడి చప్పట్లు కొట్టారు. జట్టు మళ్ళీ 19 ఆటలకు పడిపోయింది. కానీ ఈసారి లేఖలూ, ప్రతిజ్ఞలూ లేవు. 2019లో డారియస్ గార్లండ్, 2021లో ఎవన్ మోబ్లీ డ్రాఫ్టులో వచ్చారు. 2022లో ముగ్గురు ఆటగాళ్ళను, మూడు మొదటి రౌండు ఎంపికలను ఇచ్చి డొనవన్ మిచెల్‌ను తెచ్చుకున్నారు. ఇతడూ పోతాడని అందరూ అనుకుంటుండగా 2024లో తన ఒప్పందాన్ని పొడిగించుకున్నాడు. 2024-25లో ఆ జట్టు 64 ఆటలు గెలిచింది. ప్లేఆఫ్స్ రెండవ అంచెలోనే ఓడిందనుకోండి, అది వేరే మాట. వెళ్ళగలిగిన ఒకడు ఉండాలని ఎంచుకున్నాడు. ఆ ఊరికి అది చిన్న విషయం కాదు.

మా పాలేరు పక్కూరు వెళ్ళిన మూడేళ్ళకు తాతగారు పోయారు. కబురు చెప్పకపోయినా అతడు వచ్చాడు. పదకొండు రోజులూ ఉండి, పనులన్నీ తానై చేశాడు. కూలి ఇవ్వబోతే నాన్నగారి చేయి పట్టుకొని వద్దన్నాడు. ఆ మనిషిని ఉప్పు తిన్న విశ్వాసం లేనివాడని అన్న మాట నా చెవుల్లో ఇంకా ఉన్నది. అది విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి గనుకనే ఇదంతా రాయవలసి వచ్చింది.